పాతది గాని పనికివచ్చును

ఆ ఆసుపత్రి మూడో వార్డు చరిత్రను ఎవరైనా రాయదలిస్తే దాన్ని రెండు యుగాలుగా విడగొట్టక తప్పదు. పెద్ద సిస్టర్ నొక్కుడు పెన్ను కొనక ముందు ఒక యుగం, కొన్న తరువాత ఇంకో యుగం. మొదటి యుగంలో ఆవిడకు ఆయా కావలసివస్తే నోరు తెరిచి పిలిచేది. రెండో యుగంలో ఆ శ్రమ లేదు. జేబులోంచి పెన్ను తీసి బొటనవేలితో దాని నెత్తిమీద నొక్కేది. ఒక టిక్కుకు బెడ్‌పాన్. రెండు టిక్కులకు తడిగుడ్డ. మూడు టిక్కులకు "ఎక్కడ చచ్చావ్" అని అర్థం. వ్యవహారం నాలుగో టిక్కు దాకా ఎన్నడూ పోలేదు కనుక దాని అర్థం ఎవరికీ తెలియదు. రాజ్యాలకు లిపి కనిపెట్టుకోవడానికి వందల ఏళ్ళు పట్టిందంటారు. పెద్ద సిస్టర్‌కు ఒక్క మధ్యాహ్నం పట్టింది.

ఈ లిపి చదవగలిగిన ఏకైక విదుషి ఆ వార్డు ఆయా. వయసు నలభై ఏడు, సర్వీసు పందొమ్మిదేళ్ళు. నేల తుడవడం, పక్కలు దులపడం, లేవలేనివాళ్ళ కింద బెడ్‌పాన్ పెట్టడం, తీయడం ఆమె పని. ఇరవై నాలుగు మంచాల హాలులో ఆ చివర పెన్ను నొక్కితే ఈ చివర ఆమె నడుం దానంతట అదే లేచేది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో దర్జీ భర్త గుండీల డబ్బా మూత టిక్కుమని తీసినా లేచి నిలబడి, ఎందుకు నిలబడిందో గుర్తురాక మళ్ళీ కూర్చునేది.

పెన్ను వరకూ ఆమెకు పగ లేదు. పగ పదకొండో మంచం దగ్గర పుట్టింది.

పదకొండో మంచం మీద ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. చక్కెర జబ్బు. ఆ ఉదయం ఇన్సులిన్ పొడిపించుకుని, టిఫిన్ వద్దని పక్కకు నెట్టి పడుకున్నాడు. ఆయా అతని కింద బెడ్‌పాన్ తీయబోతూ చెయ్యి తాకింది. చెయ్యి చల్లగా, చెమటతో జారిపోతోంది. మణికట్టు దగ్గర నాడి పరిగెడుతోంది. పిలిస్తే మాట ముద్దగా వస్తోంది. ఆమె బెడ్‌పాన్ చేతిలో పట్టుకునే పెద్ద సిస్టర్ బల్ల దగ్గరకు పరిగెత్తింది.

"సిస్టర్, పదకొండు ఆయనకి ఒళ్ళు చల్లబడిపోతోంది. నాడి ఎగిరెగిరి పడుతోంది. ఏమీ తినలేదు కూడా."

పెద్ద సిస్టర్ తల ఎత్తలేదు. "చీపురు పట్టే చేతికి నాడి కూడా తెలుస్తుందా? రేపు ఆపరేషన్ కూడా చేస్తావేమో! ముందు ఆ చేతిలోది పారబోసిరా, వార్డంతా ఊరేగించకుండా."

ఇరవై నాలుగు మంచాల్లో నవ్వగలిగిన స్థితిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నవ్వితే కుట్లు లాగుతాయని తెలిసినవాళ్ళు కూడా నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆయాకు తిట్టు దిగింది గానీ నవ్వు దిగలేదు.

పావుగంటకు డాక్టరు రౌండ్‌కు వచ్చి, పదకొండో మంచం చూసి అదిరిపడి, గ్లూకోజ్ ఎక్కించాడు. డ్రైవరు కళ్ళు తెరిచాడు. "ముందుగా ఎవరు చూశారు?" అని డాక్టరు అడిగాడు.

"నేనే డాక్టర్, ఇప్పుడే గమనించాను," అంది పెద్ద సిస్టర్.

డ్రైవరు ఆవిడకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆయా కడిగిన బెడ్‌పాన్ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఇలాంటి సమయాల్లో పెద్ద కథల్లో ఆడవాళ్ళు జుట్టు ముడి విప్పి ప్రతిజ్ఞ చేస్తారు. ఆయాకు ఆ సౌకర్యం లేదు. వార్డులో జుట్టు విరబోసుకోవడం నిషేధమని గోడమీద రాసి ఉంది, ఆ రాత మీద దుమ్ము తుడిచేది కూడా ఆమే. అందుకని లోపలే ప్రతిజ్ఞ చేసుకుంది. ఇదే వార్డులో, ఇదే పెద్ద సిస్టర్ నోటితో, అందరూ వింటుండగా తనను "సిస్టర్" అనిపించుకోవాలి. అనిపించుకుని ఒక వాక్యం చెప్పాలి. వాక్యం కూడా అక్కడికక్కడే తయారైంది. "చీపురు పట్టిన చెయ్యే సిస్టర్. నాడి చూడమంటారా?"

పాము పగ పన్నెండేళ్ళంటారు. పాముకు నోటీసుబోర్డు లేదు కనుక అంత ఆలస్యం అవుతుంది. ఆయాకు ఉంది. వారానికోసారి ఆమె తుడిచే బోర్డు మీద ప్రాక్టికల్ నర్సింగ్ స్కూలు ప్రకటన అంటించి ఉంది. ఏడాదిన్నర చదువు. పదో తరగతి పాసై ఉండాలి. ఆసుపత్రిలో పదేళ్ళు పనిచేసినవాళ్ళకు యాభై ఏళ్ళ దాకా వయసు సడలింపు. ఒక రాతపరీక్ష, ఒక ఇంటర్వ్యూ, పైఅధికారి అభిప్రాయంతో సంతకం పెట్టిన సర్వీసు పత్రం. ఆ బోర్డును ఆమె ఆరోజు మూడుసార్లు తుడిచింది.

ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పకుండానే చెప్పింది. "నర్సింగ్ స్కూలుకి వెళ్తాను."

ముందుగదిలో దర్జీ మిషను ఆపలేదు. "ఎవర్ని దింపడానికి?"

"నేనే చేరడానికి."

మిషను ఆగింది. మంచం మీద కూర్చున్న అత్తగారు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటంటా?" అంది. చెవి బాగానే వినిపిస్తుంది. రెండోసారి వినడం ఆవిడకు సరదా.

"నీ కోడలు బడికెళ్తుందంట," అన్నాడు దర్జీ.

"వెళ్ళనీరా. ఈ వయసులో వెళ్తే తప్పిపోతుందన్న భయం కూడా లేదు."

"ఇప్పుడెందుకే ఈ చదువు?" అన్నాడు దర్జీ, మెడలో టేపు సర్దుకుంటూ.

"పగ."

"పగంటే ఎవరైనా కత్తి నూరుకుంటారు. నువ్వు పెన్సిలు చెక్కుకుంటానంటావేంటి?"

అప్పుడామె పదకొండో మంచం కథంతా చెప్పింది. కూతురు కూడా అప్పుడే పనినుంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింది. కూతురికి ఇరవై రెండు, బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటుంది, రోజుకు వెయ్యిమందికి చిల్లర లేదని చెప్పి నోరు పదునెక్కింది. కథ అయ్యాక అత్తగారు మంచం కోడు మీద అరచేత్తో చరిచి, "చదువు కోడలా," అంది. "దాని నోట అనిపించాలి. అది అనేదాకా నేను పోను."

ఇలా ఆ ఇంట్లో ఒకరి పగ అందరిదీ అయింది.

మొదటి ఆటంకం పదో తరగతి సర్టిఫికెట్టు. ముప్పై ఏళ్ళ కిందటి కాగితం. ట్రంకుపెట్టె, అటక, దేవుడి పటం వెనక, అన్నీ వెదికారు. చివరికి దర్జీ నెమ్మదిగా, నేరం ఒప్పుకుంటున్న గొంతుతో, "ఒకసారి నమూనా కాగితాల కట్టలో చూడు," అన్నాడు. దొరికింది. కత్తెర పడలేదు గానీ వెనకవైపు సుద్దతో ఒక పోలీసాయన చొక్కా చెయ్యి కొలత వేసి ఉంది. ఆయా ఆ సర్టిఫికెట్టు వంక, భర్త వంక చూసింది. పగ జాబితాలో రెండో పేరు చేరబోయి తప్పిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి వచ్చి, దర్జీ బట్టలు కత్తిరించే బల్లకు ఒక మూల చదువుకునేది. శరీరశాస్త్రానికి బొమ్మ కావాలి. ముందుగదిలో జాకెట్లు తొడిగి నిలబెట్టే చెక్కబొమ్మ ఉంది. దానికి గుండుసూదులతో చీటీలు గుచ్చింది. ఇక్కడ గుండె, ఇక్కడ ఊపిరితిత్తులు, కుడివైపు పక్కటెముకల కింద కాలేయం. ఒకరోజు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన పక్కింటావిడ బొమ్మను చాలాసేపు చూసి, "ఈ కాలేయం కుట్టు కొత్తగా ఉందే, నాకూ అదే వేసెయ్యండి," అంది. దర్జీ, బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేక, అలాగేనన్నాడు.

ఇంజెక్షన్ వేయడం ప్రవేశపరీక్షలో లేదు. అది స్కూల్లో చేరాక రెండో ఏట నేర్పుతారు. అయినా ఆయా గోనెలు కుట్టే సూది తీసుకుని బొమ్మ నడుం కింద ముందస్తుగా సాధన చేసేది. సాధనలో ఉన్న ఊపు చూసి దర్జీ, "ఆ బొమ్మకి మొహం లేదు కదా, ఎవరనుకుని పొడుస్తున్నావ్?" అన్నాడు. ఆమె ఇంకోసారి పొడిచింది.

నాడి చూడటానికి అత్తగారు పేషెంటుగా కుదిరింది. జీతం వద్దంది గానీ "పేషెంటు గారూ" అని పిలవాలని షరతు పెట్టింది. గడియారం ముందు పెట్టుకుని, మూడువేళ్ళు మణికట్టు మీద ఆనించి, ఆయా నిమిషం లెక్కపెట్టేది.

"దొరికిందా?"

"ఉండండి పేషెంటు గారూ, మాట్లాడకండి."

"దొరక్కపోతే ముందే చెప్పు. నేను చూసుకోవలసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి."

"డెబ్బై ఆరు."

"నిన్న డెబ్బై రెండన్నావు. ఒక్కరోజులో నాలుగు పెరిగిందా? చూశావా, నా గుండె ఇంకా ఎదుగుతోంది."

నాడి, జ్వరం, పుండు కట్టు, వీటి గురించి పుస్తకం చెప్పేది ఆమెకు సగం తెలుసు. పందొమ్మిదేళ్ళుగా పక్కన నిలబడి చూసింది. లెక్కలే కొరకరాని కొయ్య. లెక్కల పుస్తకం తెరిస్తే చాలు, మందు ఏదీ వేసుకోకుండానే నిద్రపట్టేది. కూతురు గురువు అవతారం ఎత్తింది.

"ఒక తొట్టి ఉంది. మొదటి పంపు దాన్ని మూడు గంటల్లో నింపుతుంది. రెండోది ఆరు గంటల్లో. రెండూ కలిపి తిప్పితే... అమ్మా! లే!"

"లేచే ఉన్నా. తొట్టి ఎవరిది?"

"ఎవరిదైతే ఏంటి?"

"ఎవరిదో తెలియని తొట్టి నిండితే నాకేంటి, నిండకపోతే నాకేంటి?"

కూతురు కాసేపు ఆలోచించింది. టికెట్ల కిటికీ వెనక మనుషుల మనస్తత్వం బాగా తెలుస్తుంది. "సరే. ఆ తొట్టిలో మీ పెద్ద సిస్టర్ ఉందనుకో. నిలబడి ఉంది. గది తలుపుకి బయట గడియ."

ఆయా నిటారుగా కూర్చుంది. పెన్సిలు తీసింది. "మొదటిది గంటకి మూడోవంతు. రెండోది గంటకి ఆరోవంతు. రెండూ కలిపి గంటకి సగం. అంటే గంటకి నడుం దాకా."

"రెండు గంటలకి?"

"పెన్నుతో సహా," అంది ఆయా. నాలుగు నెలల్లో ఆమె చేసిన మొదటి సరైన లెక్క అది.

అప్పటినుంచి గణితశాస్త్రం మొత్తం పెద్ద సిస్టర్ మీద నడిచింది. కొండమీదినుంచి దొర్లిన రాళ్ళు ఆవిడ వైపే దొర్లాయి. నిచ్చెన జారితే పైన ఆవిడే ఉంది. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళలో ఒకదాంట్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. ఈ చివరిదానికి అత్తగారు అభ్యంతరం చెప్పింది. "రెండో రైల్లోవాళ్ళు ఏం పాపం చేశారే? పోనీ వాళ్ళని ముందు స్టేషన్లో దించేసి అప్పుడు లెక్క చెయ్యండి." దించేసి చేశారు.

ద్రావణాల లెక్కలకు మాత్రం పెద్ద సిస్టర్ అవసరం లేకపోయింది. "ఐదు శాతం ద్రావణం ఐదు వందల మిల్లీలీటర్లు కావాలి. మందు ఎంత పొయ్యాలి?" అని కూతురు చదివీ చదవకముందే ఆయా, "ఒక మూత," అంది.

"మూత ఏంటమ్మా?"

"ఐదు శాతం అంటే ఇరవైకి ఒకటి. రోజూ ఫినాయిల్ కలుపుతున్నాగా. మా డబ్బా మూతకి ఇరవై ఐదు పడుతుంది, దాని మీదే రాసుంటుంది. ఒక మూత."

లెక్క సరిపోయింది. సరిపోయినా "మూత" అని రాస్తే సున్నా వేస్తారని కూతురు నెత్తీ నోరూ కొట్టుకుంది. తలుపుమీద పెద్ద అక్షరాలతో "మూత కాదు, మి.లీ." అని రాసి అంటించింది. దర్జీ దగ్గరకు వచ్చేవాళ్ళు అదేదో కొత్త సామెత అనుకునేవారు.

ఇంతలో దరఖాస్తుకు ఆఖరి తేదీ దగ్గరపడింది. అన్నీ ఉన్నాయి, సర్వీసు పత్రం మీద సంతకం ఒక్కటే లేదు. ఆ సంతకం పెట్టవలసింది పెద్ద సిస్టరే. పగవాడి ఇంటికే నిప్పు అడగడానికి వెళ్ళడమంటే ఇదే. ఆయా వెళ్ళి అడిగింది.

పెద్ద సిస్టర్ కాగితం చూసి, ఆయాను చూసి, మళ్ళీ కాగితం చూసింది. "నర్సింగా? నువ్వా? మునిమనవల్ని ఎత్తుకునే వయసులో?"

"మనవలే లేరు సిస్టర్. కూతురికింకా పెళ్ళి కాలేదు."

"నువ్వు పోతే ఈ వార్డులో ఎవరు చేస్తారు? ఇంత బాగా చేసే ఆయా నాకు మళ్ళీ దొరుకుతుందా?" పందొమ్మిదేళ్ళలో ఆవిడ ఆయాను మెచ్చుకోవడం అదే మొదటిసారి, అదీ కాళ్ళకు సంకెల వేయడానికి. "చూద్దాంలే," అని కాగితం సొరుగులో పడేసింది. మర్నాడు అడిగితే "చూద్దామన్నానుగా" అంది. మూడోనాడు అడిగితే పెన్ను రెండుసార్లు నొక్కింది. తడిగుడ్డ.

ఆఖరి తేదీకి ఒకరోజు ఉంది. ఆయా స్కూలు ఆఫీసుకు వెళ్ళి రెండో ఫారం తెచ్చుకుని, వివరాలు నింపుకుని, మడతపెట్టి జాకెట్టులో దాచుకుని డ్యూటీకి వచ్చింది.

ఇక్కడ మూడో వార్డు పాలనా విధానం గురించి ఒక మాట చెప్పాలి. రోజూ ఉదయం ఎనిమిదింటికి దుప్పట్లు, తలగడ గలీబులు, తెరలు వగైరా ఉతుకుడుకు వెళ్ళేముందు ఒక్కో కట్టకూ ఒక చీటీ. ఆయా చీటీలు ఒక్కొక్కటిగా ముందుకు జరుపుతుంది. పెద్ద సిస్టర్ కుడిచేత్తో రాస్తుంది, ఎడమచేత్తో టీ తాగుతుంది, కళ్ళతో గడియారం చూస్తుంది. ప్రతి చీటీ అడుగునా "అధికారి అభిప్రాయం" అని ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద ఏం రాయాలో ఆయానే నోటితో చెబుతుంది. బట్ట బాగుంటే "కొత్త". నలిగిందైతే "పాత". చిరిగిపోతే "తుడుపు". దాన్నిబట్టి పెద్ద సిస్టర్ చెయ్యి "కొత్తది" అనో, "పాతది గాని పనికివచ్చును" అనో, "చింపి తుడుపుగుడ్డలకు వాడవలెను" అనో రాసి, సంతకం గీకి, ముద్ర గుద్దుతుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క చీటీ చదివిన పాపాన పోలేదు.

సర్వీసు పత్రం మీద కూడా అడుగున అదే గీత, అవే మాటలు. అధికారి అభిప్రాయం.

తలగడ గలీబుల చీటీ అయింది. కిటికీ తెరల చీటీ అయింది. ఆయా మూడోదాన్ని జరిపింది, పై భాగాన్ని తన మోచేత్తో కప్పుతూ. పెద్ద సిస్టర్ పెన్ను ఆనించింది. పెన్ను రాయలేదు. విదిలించింది. రాయలేదు. కళ్ళు గడియారం మీదినుంచి కాగితం వైపు దిగబోతున్నాయి. ఆయా గుండె నాడి ఎవరైనా చూసి ఉంటే నూట ఇరవైకి తగ్గకుండా ఉండేది. ఆమె చటుక్కున తన పెన్ను తీసి ఇచ్చింది. పరీక్ష కోసం కొనుక్కున్నది, నొక్కుడు పెన్నే. పెద్ద సిస్టర్ దాన్ని ఒకసారి టిక్కుమనిపించి, కళ్ళు మళ్ళీ గడియారానికి అప్పగించింది.

"ఊఁ, ఏంటిది?"

ఒక్క క్షణం. "కొత్త" అంటే అనుమానం వస్తుంది, ఆ వార్డులో కొత్తవి వచ్చి నాలుగేళ్ళయింది. "తుడుపు" అనడానికి మనసొప్పలేదు.

"పాత, సిస్టర్," అంది ఆయా.

సంతకం పడింది. ముద్ర పడింది. పెన్ను మాత్రం తిరిగి రాలేదు, పెద్ద సిస్టర్ జేబులోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కాగితం ఇంట్లో అందరి చేతులూ తిరిగింది. "అధికారి అభిప్రాయం," అని కూతురు పైకి చదివింది. "పాతది గాని పనికివచ్చును." అత్తగారు నవ్వి నవ్వి మంచం కోడు పట్టుకుంది. దర్జీ మాత్రం గంభీరంగా, "ఇందులో తప్పేముంది? పెళ్ళయిన ఇన్నేళ్ళకి నేనూ అదే అంటాను," అన్నాడు. ఆ రోజు అతనికి టీ ఆలస్యంగా అందింది.

రాతపరీక్ష హాలులో ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి "మేడమ్, ప్రశ్నపత్రాలు మీరేనా ఇచ్చేది?" అని అడిగింది. కాదని చెప్పి ఆయా తన బల్ల తనే తుడుచుకుని కూర్చుంది, తరువాత అలవాటు ఆగక ఆ అమ్మాయి బల్ల కూడా తుడిచింది. లెక్కల్లో తొట్టి వచ్చింది. ప్రశ్నపత్రంలో ఖాళీగానే ఉంది గానీ ఆయా దాన్ని ఖాళీగా ఉంచలేదు. ద్రావణం వచ్చింది. "మూత" అని రాసి, తలుపు గుర్తొచ్చి, కొట్టేసి, మి.లీ. అని దిద్దింది.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. స్కూలు ప్రిన్సిపాల్, ఒక ముసలి డాక్టరు, కాగితాలు అందించే గుమాస్తా. ప్రిన్సిపాల్ కళ్ళజోడు సర్దుకుని సర్వీసు పత్రం చదివింది. ఇంకోసారి చదివింది. డాక్టరుకు చూపింది.

"ఏంటమ్మా ఇది? మీ గురించి మీ పెద్ద సిస్టర్ ఇలా రాసిందేంటి?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయాకు తెలుసు. నెలరోజులుగా జవాబు వెదికింది, దొరకలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే జవాబు దానంతట అదే వచ్చింది.

"మా పెద్ద సిస్టర్ ఎవర్నీ ఊరికే పొగడరండీ. ఆవిడ దగ్గర ఉన్నవి మూడే మాటలు. కొత్తవాటికి కొత్తది అంటారు. పనికిరానివాటిని చింపి తుడుపుగుడ్డలకి వాడమంటారు. ఎన్నిసార్లు ఉతికినా, ఎంత పిండినా చిరగనివాటికి ఈ మాట రాస్తారు. మా వార్డులో ఈ మాట దక్కించుకున్నవి చాలా తక్కువండీ."

గుమాస్తా నవ్వు దాచుకోవడానికి కాగితాలు కిందపడేసి ఏరుకున్నాడు. డాక్టరు దాచుకోలేదు. ప్రిన్సిపాల్ మాత్రం నవ్వకుండా అడిగింది. "వార్డులో పేషెంటు మంచం మీదినుంచి కిందపడ్డాడు. మొట్టమొదట ఏం చేస్తారు?"

"నేల తడిగా ఉందేమో చూస్తానండీ."

"పేషెంటుని వదిలేసా?"

"తడిమీద పరిగెత్తితే నేనూ ఆయన పక్కనే పడతానండీ. అప్పుడు ఇద్దర్ని లేపాలి. లేపేది మళ్ళీ ఆయానే."

డాక్టరు ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ కాగితం మీద ఏదో రాసింది.

జాబితాలో ఆమెది పద్దెనిమిదో నంబరు. ఇరవైమందిని తీసుకున్నారు. ఆ జాబితా ఆసుపత్రి నోటీసుబోర్డు మీదికి కూడా వచ్చింది. పెద్ద సిస్టర్ దాన్ని చదివింది. ఆవిడ జీవితంలో శ్రద్ధగా చదివిన మొదటి కాగితం అదే కావచ్చు.

"నేను సంతకం పెట్టందే నీకు సీటెలా వచ్చింది? నీ కాగితం నా సొరుగులోనే ఉందిగా!"

"అది ఒక కాపీ సిస్టర్," అంది ఆయా, రాజీనామా కాగితం బల్లమీద పెడుతూ. "రెండోది తెరలతో పాటు వెళ్ళింది."

పెద్ద సిస్టర్ మొహం ఉతికిన గలీబు రంగుకు వచ్చింది. ఆయా అప్పుడే ఆ వాక్యం చెప్పేయవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇంకా "సిస్టర్" అనిపించుకోలేదు. వండినది దించకుండా వడ్డించకూడదని మింగేసింది. వెనక్కి తిరిగి నడిచింది. వీపు వెనక టిక్కు. టిక్కు. టిక్కు. తరువాత, మూడో వార్డు చరిత్రలో మొదటిసారిగా, నాలుగో టిక్కు. దాని అర్థం కనుక్కోవడానికి ఆమె ఆగలేదు.

యూనిఫాం దర్జీయే కుట్టాడు. కొలతలు తీసుకుంటూ, "పగ తీరిపోయాక ఏం చేస్తావ్?" అని అడిగాడు.

"డ్యూటీ చేస్తాను," అంది ఆమె. "ఆ భుజం దగ్గర బిగించకండి. చెయ్యి పైకెత్తాలి."

స్కూల్లో మూడు నెలలు పాఠాలు. కూతురికంటే చిన్నవాళ్ళు ఆమెను మొదట ఆంటీ అన్నారు, రెండో వారానికి పక్క మడత నేర్పమని వెంటపడ్డారు. ఆమె రోజూ ఆ వాక్యం నెమరువేసుకునేది. "చీపురు పట్టిన చెయ్యే సిస్టర్" దగ్గర ఎంతసేపు ఆగాలో, "నాడి" ఎంత మెల్లగా అనాలో అత్తగారి ముందు సాధన చేసింది. అత్తగారు ఆ సమయంలో పెద్ద సిస్టర్ వేషం కట్టి, పాత్రలో లీనమైపోయి కోడల్ని రెండు తిట్లు ఎక్కువే తిట్టేది.

నాలుగో నెల మొదటి సోమవారం వార్డు పోస్టింగులు పడ్డాయి. మూడో వార్డు. అది ఆమె అడిగి వేయించుకున్నదే. ఉదయం ఏడున్నరకు ఇస్త్రీ మడత చెదరకుండా, జుట్టు టోపీలోకి ముడిచి, జేబులో కొత్త నొక్కుడు పెన్నుతో వార్డు గుమ్మంలో నిలబడింది. మంచాలన్నీ నిండి ఉన్నాయి. పాత రోగుల్లో ఇద్దరు ముగ్గురు గుర్తుపట్టి మోచేతుల మీద లేచారు. సాక్షులకు కొరత లేదు.

పెద్ద సిస్టర్ పదకొండో మంచం వైపునుంచి వస్తోంది. టోపీ ఒక పక్కకు జారింది. నుదుటి మీద చెమట. పెన్ను జేబులోనే ఉంది. రెండు చేతుల్లో మూత వేసిన బెడ్‌పాన్ ఉంది.

ఆవిడ గుమ్మంలో తెల్లబట్టలు చూసింది, తరువాత మొహం చూసింది. ఆయా నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు ఆవిడ పేరు వెదుక్కుంటుంది, తడబడుతుంది, ఆ మాట గొంతులో ముల్లులా అడ్డంపడుతుంది, పడనీ, అనుకుంది.

"హమ్మయ్య, వచ్చావా సిస్టర్!" అంది పెద్ద సిస్టర్. ముల్లూ లేదు, అడ్డమూ లేదు. వార్డంతటికీ వినిపించింది. "కాస్త ఇది పట్టుకో సిస్టర్, తొమ్మిదిలో ఇంకొకటుంది."

వాక్యం నాలుక మీద సిద్ధంగానే ఉంది. చేతులు దానికంటే ముందే వెళ్ళి బెడ్‌పాన్ అందుకున్నాయి.

ఆమె వెళ్ళిన నాటినుంచి ఆ వార్డుకు ఇంకో ఆయాను వేయలేదు.